మదార్ సాయిబు వేసిన అతుకు

మైదుకూరు నుంచి నల్లమల దిక్కుగా బండిబాట పట్టి పోతే, మట్టి తగ్గి రాళ్ళు పెరిగే చోట ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో మదార్ సాయిబు అని ఒకాయన తుపాకులకు కొయ్యపని చేసేవాడు. ఇనుము జోలికి పోడు. "ఇనుము కమ్మరోళ్ళది, కొయ్య మాది" అనేవాడు. తుపాకిలో చేత్తో పట్టి భుజానికి ఆనించే కొయ్య భాగాన్ని వాళ్ళు కుందా అంటారు. ఆ కుందా పగిలితే మళ్ళీ ఒక్కటిగా చేయగల చేతులు ఆ చుట్టుపక్కల నాలుగు తాలూకాల్లో ఆయనవే. ఇది పొగడ్త అనుకోకండి. తిట్టాల్సిన చోట నేను తిడతాను కూడా.

ఆయన తాతలు పాలెగాళ్ళ తుపాకులకు కొయ్యలు కట్టినవాళ్ళట. దొరతనం వచ్చి నాటు తుపాకులన్నీ గుంజుకుపోయాక ఆ వైభవం కాస్తా గాలికి పోయింది. లైసెన్సు ఉన్న రెడ్ల ఇళ్ళలో ఏడాదికి రెండో మూడో తుపాకులు పనికి వచ్చేవి. మిగతా రోజులు కాడిమాన్లు చెక్కడం, బండి పోలుగర్రలు వేయడం. కడుపు నిండేది కాడిమాన్లతోనే గాని, మీసం దువ్వుకునేది మాత్రం తుపాకుల మీద.

ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. అతుకు కనబడితే పని చెడినట్టే. మేకు కొట్టకూడదు, రేకు చుట్టకూడదు. తక్కిన మేస్త్రీలు పని ముగించాక ఒక మూల చిన్న నిశానీ చెక్కుకుంటారు. వీళ్ళు అదీ చెక్కరు. "నిశానీ పెట్టుకొనేది పొగరుబోతు పని" అని మదార్ తండ్రి చెప్పిపోయాడట. పెట్టకపోవడమే అంతకు రెండింతలు పొగరని ఆ వంశంలో ఎవరికీ తోచలేదు.

మదార్‌కు ఒక్కడే కొడుకు, పేరు మాబు. ఇరవై రెండేళ్ళు. కొయ్య ముందర కుదురుగా కూర్చోమంటే కూర్చోడు. ఎద్దులబండి కట్టుకొని కొండల నుంచి వెదుళ్ళు తెచ్చి మైదుకూరు సంతలో అమ్మేవాడు. "ఏడు తరాల పని నా కాడికి వచ్చి ఆగిపాయె" అని తండ్రి సణిగితే, "నీ తుపాకులు మోసేదానికి మనిషి కావాల గదా నాయినా, నేనుండా" అని నవ్వేవాడు. తల్లి అబీదా బీ రాజంపేట దగ్గర ఒక పిల్లను చూసి పెట్టింది. బక్రీదు దాటగానే నిఖా అనుకున్నారు.

వెయ్యిన్ని తొమ్మిది వందల ముప్పై నాలుగు, చెనిక్కాయ పీకే రోజులు. శుక్రవారం నమాజు కాగానే మాబు బండి కట్టుకొని కొండకు పోయాడు. పోతే రెండు మూడు రోజులకు గాని రాడు కాబట్టి ఇంట్లో ఎవరూ ఎదురుచూడలేదు. శనివారం పొద్దున రంగన్న వచ్చాడు. పక్క ఊరి ఓబుళరెడ్డి దగ్గర చేను కావలి కాసే మనిషి. వరసకు మదార్‌ను మామా అంటాడు. చంకలో కంబళి చుట్ట.

"ఏమప్పా రంగన్నా, ఏంది కంబట్లో?"

"రెడ్డి రైఫిలు మామా. అటక మీంచి జారి పడింది. బిరీన బాగు చెయ్యాలంట. పగిలినట్టు యాడా తెలీకూడదంట."

మదార్ కంబళి విప్పి చూశాడు. కుందాలో చెయ్యి పట్టే సన్నని చోటును మెడ, భుజానికి ఆనే వెడల్పాటి కొసను మడమ అంటారు. పగులు మెడ దగ్గర, కింది నుంచి పైకి ఏటవాలుగా పాకి ఉంది.

"అటక మీంచి పడితే కొయ్య పొడుగునా చీలుతుందప్పా. మెడ కాడ ఇట్ల ఇరగాలంటే మడమ పెట్టి మోదినట్టే. ఎవురి నెత్తిన ఏసినాడు మీ రెడ్డి? పందినా, మనిషినా?" అని పెద్దగా నవ్వాడు.

రంగన్న నవ్వలేదు. నేల చూస్తూ, "పందే మామా" అన్నాడు.

ఆ మాట విన్నాక గాని మదార్ పగులు లోపలికి సరిగా చూడలేదు. నల్లగా గడ్డకట్టిన నెత్తురు. "తోబా! తోబా! పంది నెత్తురు నా గడప దాటిస్తివి గదరా, నీ మొగం మండ!" అని తుపాకిని దూరంగా పట్టుకొని వాకిట్లోకి ఉరికాడు. పంది నెత్తురంటుకున్న వస్తువును ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టితో తోమాలి, వాళ్ళ పద్ధతి అది. ఉడుకునీళ్ళు కాచమని అబీదా బీని కేకేశాడు. ఆమె చెంబుతో పోస్తుంటే ఆయన పగులు సందుల్లో పీచు పెట్టి తోమాడు. తోముతూ రెండుసార్లు పక్కకు తిరిగి ఉమ్మేశాడు. రంగన్న కాసేపు చూసి, ఇస్తానన్న మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తడిసిన కొయ్యకు బంక పట్టదు. నాలుగు రోజులు నీడన ఆరనీయాలని కుందాను దూలానికి వేలాడదీశాడు.

సోమవారం ఎద్దులు రెండూ బండి లేకుండా ఇంటికి వచ్చాయి. ఊళ్ళో మగవాళ్ళంతా కొండబాట పట్టారు. మంగళవారం మిట్టమధ్యాహ్నం, కనుమ కింద వంకలో బండి తిరగబడి కనిపించింది. దాని కింద మాబు. తల వెనక భాగం చితికిపోయింది. చక్రం జారి బండి పడింది, తల రాతికి కొట్టుకుంది అన్నారు. అందరూ అదే అన్నారు. మదార్ కూడా అదే నమ్మాడు. ఆ సాయంత్రమే కొడుకుకు స్నానం చేయించి మట్టిలో పెట్టి వచ్చాడు. ఏడవలేదు. అబీదా బీ గుండెలు బాదుకుంటూ ఉంటే ఎవరింట్లోనో ఏదో జరిగినట్టు చూస్తూ కూర్చున్నాడు.

చనిపోయినవాళ్ళ కోసం మూడోనాడు చదివించే ఫాతిహాకు ఓబుళరెడ్డి స్వయంగా వచ్చాడు. మంచం మీద కూర్చొని, "దేవుడు నీకు శానా అన్యాయం చేసినాడు మదారూ" అన్నాడు. దేవుడి మీదికి నెట్టేశాడు, మహానుభావుడు! తర్వాత దూలానికి వేలాడే కుందా వైపు చూసి, "దానికేం తొందర లేదులే. నీ మనసు కుదుటపడినాకే చెయ్యి" అన్నాడు. అంత దుఃఖంలోనూ మదార్ ఆ దయకు రెండు చేతులెత్తి మొక్కాడు. ఇప్పటికీ ఆ మొక్కు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మరునాడే ఆయన పనికి కూర్చున్నాడు. ఇరుగుపొరుగు తప్పు పట్టారు, బిడ్డ మట్టి తడి ఆరలేదు, అప్పుడే పనా అని. వాళ్ళకేం తెలుసు? ఆయన కళ్ళు ఏడవనన్నాయి, ఊరికే కూర్చుంటే చేతులు వణికాయి. కొయ్య పట్టుకుంటే వణుకు ఆగింది. మేకతోలు తునకలు ఉడికించి సరేసు కాచాడు. కొయ్యపనివాళ్ళు అంటించే బంక అదే. మామూలు సరేసు ఉడుకునీళ్ళకు కరుగుతుంది. వానలో అడవి తిరిగే తుపాకులకు మాత్రం అందులో పటిక, అవిసెనూనె కలిపి కాచే పద్ధతి ఒకటి ఆ ఇంట్లో ఉంది. శానా కష్టం, రెండు రోజులు పొయ్యి దగ్గర నుంచి లేవకూడదు. ఓబుళరెడ్డి వానలో తిరిగే మనిషి కాదు, అలా చేయమని అడగనూ లేదు. అయినా మదార్ అదే కాచాడు. "వాడు నిలవకపాయె, ఇదన్నా నిలవనీ" అని అబీదా బీతో అన్నాడట.

పగులు విప్పి సరేసు నింపి, పచ్చి మేకతోలు పట్టీ తడిపి బిగించి చుట్టాడు. తోలు ఆరేకొద్దీ బిగుసుకుని కొయ్యను నొక్కుతుంది. పదకొండు రోజులు అట్లా ఉంచి, తోలు విప్పి, గీకి, అదే కొయ్య పొడిని సరేసులో కలిపి సందులు మెత్తి, దీపపు మసితో రంగు కలిపి, అరచేత్తో నూనె పట్టించాడు. కొడుక్కు చేయగలిగింది ఇంకేమీ లేదు గనక, చేతుల్లో ఉన్న ప్రేమంతా ఆ కొయ్యకు పోసేశాడు. అంత గొప్ప పని ఆయన బతుకులో చేయలేదు. రంగన్న వచ్చి తీసుకుపోయాడు. రెండు రోజులకు రెడ్డి కబురు పంపాడు: "అతుకు యాడుందో నాకే దొరకలేదని చెప్పు." ఆ మాటకు మదార్‌కు లోపల కొంచెం సంతోషం కలిగింది. వెంటనే సిగ్గుపడ్డాడు.

నలభయ్యో రోజు ఫాతిహా అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఎండ వేళ రంగన్న వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుంజ పట్టుకొని నిలబడే చెప్పేశాడు.

"మాబు బండి కిందపడి సావలేదు మామా. ఎద్దులు రెడ్డి చెనిక్కాయ చేన్లో పడినాయి. బందెలదొడ్డికి తోలమన్నాడు రెడ్డి. మాబు వచ్చి పగ్గం పట్టుకున్యాడు. 'తప్పు నాది రెడ్డీ, ఎద్దులకేం తెలుసు, ఇడిసిపెట్టు' అన్యాడు. అంతే మామా, ఇంగొక మాట అనలేదు. ఎద్దుల్ని తిప్పుకొని పోతాంటే ఎనక నుంచి తుపాకి మడమతో ఏసినాడు. ఒకటే దెబ్బ. బండిని వంకలోకి తోసింది మేము ముగ్గురం. నా పిల్లోళ్ళను కాల్చేస్తానన్యాడు మామా, నేనేం చేద్దును?"

రంగన్న వాకిలి వైపు చూశాడు. "నువ్వు ఆ నెత్తురు కడుగుతాంటే నోటిదాకా వచ్చింది మామా. నా నోరు పడిపోయింది."

అప్పుడు అర్థమైంది మదార్‌కు. ముందు కొడుకు చావు కాదు, వాకిలి గుర్తొచ్చింది. తోబా తోబా అని తాను వేసిన కేకలు గుర్తొచ్చాయి. కన్నబిడ్డ నెత్తురును పంది నెత్తురని చీదరించుకొని, మట్టితో తోమి, పక్కకు తిరిగి ఉమ్మేశాడు. ఇంతకన్నా ఘోరం ఏ తండ్రికైనా రాసిపెట్టి ఉంటుందా? నేలమీద చేతులు ఆనించుకొని వంగిపోయాడు.

తలుపు దగ్గర అబీదా బీ నిలబడి ఉంది. అంతా విన్నది. "నీళ్ళు పోసింది నేనే గదా మాబు నాయినా" అంది. అక్కడే గోడకు జారగిలబడి కూర్చుంది.

మరునాడే మదార్ మైదుకూరు పోయి కేసు పెట్టాడు. రెడ్డి మీద సాయిబు కేసు పెట్టడమా అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. కొత్తగా వచ్చిన ఎస్సై ఎవరో దూరపువాడు, నిజాయితీపరుడు. రెడ్డి ఇంటికి పోయి రైఫిలు పట్టుకొచ్చాడు. మాబును తవ్వి తీయించాడు. దెబ్బ నిజమే గాని రాతి దెబ్బో కొయ్య దెబ్బో చెప్పలేనన్నాడు డాక్టరు. రంగన్న ఓబుళం నరసింహసామి మీద ఒట్టేసి సాక్ష్యం చెబుతానన్నవాడు, కోర్టు మెట్లెక్కగానే, "నాకేం తెలీదు దొరా, నేను తుపాకి ఎవురికీ ఇయ్యలేదు" అన్నాడు. ఆ మాట చెప్పి మదార్ వైపు చూడకుండా దిగిపోయాడు. పిల్లలు గలవాడు, ఏమనాలి? పని చూసిన ఇరుగుపొరుగు కూడా అది ఎవరి తుపాకో తమకు తెలియదన్నారు. ఓబుళరెడ్డి చెప్పింది ఒకటే మాట: నా రైఫిలు ఎన్నడూ పగల్లేదు, బాగుచేయించే పనే పడలేదు.

ఇంక మిగిలింది పగులు ఒక్కటే. కుందాకు అతుకుందని తేలితే రెడ్డి అబద్ధం బయటపడుతుంది, కేసు నిలుస్తుంది. తేలకపోతే మాబు బండి కింద పడి చచ్చినట్టే. అది మదార్‌కు తెలుసు, ప్లీడర్లకు తెలుసు, కోర్టు వరండాలో గుంపుగా చేరిన జనానికీ తెలుసు.

మేజిస్ట్రేటు భూతద్దం పెట్టి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో తిప్పి చూశాడు. గోరుతో గీకి చూశాడు. చివరకు కుందాను మదార్ చేతికిచ్చి, "నువ్వు చేసిన పనే కదా. అతుకెక్కడో నువ్వే చూపించు" అన్నాడు.

మదార్ మెడ దగ్గర వేలు పెట్టాడు. తెలిసిన చోటే. కాని వేలికి ఏమీ తగల్లేదు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. కొయ్యలోని గీత ఈ వైపు నుంచి ఆ వైపుకు తెగకుండా పోతూ ఉంది. ఆ గీతను తెగకుండా కలిపింది తానే. కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చాయేమో అని తుడుచుకొని మళ్ళీ చూశాడు. "ఈడనే దొరా... ఈడనే ఉండాల" అన్నాడు.

"ఉండాలనా, ఉందనా?" అన్నాడు రెడ్డి ప్లీడరు. కోర్టులో నవ్వులు.

"పగలగొట్టి చూపిస్తా దొరా!"

"పగలగొడితే ఏ కొయ్యయినా పగులుతుంది. అందులో బంక కనిపించినా, తుపాకి చేసిన కంపెనీవాడే అంటించాడేమో, ఎవరు చూశారు?" అన్నాడు ప్లీడరు.

మేజిస్ట్రేటు మంచివాడే. "వస్తువు పాడుకాకుండా రుజువు చేసే మార్గం ఏదన్నా ఉందా?" అని అడిగాడు.

మదార్ కుందాను మళ్ళీ ఒకసారి చేతుల్లో తిప్పాడు. తర్వాత, "ఉడుకునీళ్ళు పోస్తే అతుకు ఇచ్చుకుంటుంది దొరా" అన్నాడు. మామూలు సరేసయితే విచ్చుకుంటుంది. తాను కాచింది ఏదో ఆయనకు తెలుసు. అయినా మనిషి ఆశ చెడ్డది. తొందరలో పటిక తక్కువ పడిందేమో, దుఃఖంలో పాకం తప్పిందేమో అనుకున్నాడు.

వరండాలో మూడు రాళ్ళ మీద పెద్ద కాగు పెట్టించారు. ఇనుమంతా విప్పేసి కొయ్యను నీళ్ళలో దించారు. మదార్ దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు సలసల కాగుతున్నాయి. నూనె పైకి తేలింది. రంగు దిగింది. కొయ్య కొంచెం ఉబ్బింది. ఆయన పుల్లలు ఎగదోస్తూ మనసులో ఒకటే దువా చేస్తున్నాడు: యా అల్లా, నా పని చెడిపోనీ, ఈ ఒక్కసారి నా పని చెడిపోనీ. యాభై రెండేళ్ళ బతుకులో అట్లాంటి దువా ఆయన ఎన్నడూ చేసి ఉండడు.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. చేతులు కాలుతున్నా లెక్కచేయక కుందాను బయటికి తీసి మెడ దగ్గర రెండు వైపులా పట్టుకొని మెలిపెట్టాడు. ఊడలేదు. మోకాలికి ఆనించి లాగాడు. ఊడలేదు. "రారా! ఇచ్చుకోరా, నీ యమ్మ!" అని కొయ్యను తిట్టాడు. జవాను వచ్చి ఆయన చేతుల్లోంచి దాన్ని మెల్లగా తీసుకున్నాడు.

"పటిక వేసినా దొరా. వానకు నిలవాలని పటికేసి కాచినా. అందుకే ఊడలేదు."

"అయితే అతుకున్నా ఊడదు, లేకున్నా ఊడదు. ఇంకేం రుజువు చేసినట్టు?" అన్నాడు ప్లీడరు. మేజిస్ట్రేటు కాసేపు మదార్ కాలిన అరచేతుల వంక చూసి, తల వంచుకొని రాసేశాడు. కేసు కొట్టేశారు.

మెట్ల కింద ఓబుళరెడ్డి ఎదురయ్యాడు. రైఫిలు కొయ్య రంగన్న చేతిలో ఉంది, ఇంకా నీళ్ళు కారుతూ. "చూడు మదారూ, ఎట్ల తడిపి పెట్టినావో. ఆరబెట్టి, మళ్ళా నూనె పట్టించి ఇయ్యి. నీ మాదిరి ఎవురు చేస్తారప్పా?" అన్నాడు. ఎగతాళో, నిజంగానే అన్నాడో, ఆ మొహం చూస్తే తెలియదు. రంగన్న ఏడుస్తున్నాడు. మదార్ ఇద్దరినీ దాటుకొని పోయాడు.

ఇంటికి చేరేసరికి మరునాటి మధ్యాహ్నమైంది. అబీదా బీ గడపలో కూర్చొని ఉంది. కబురు ముందే అందినా, ఆయన నోట వినాలనుకుంది.

"ఊడలేదా?"

"ఊడలేదు."

ఆమె ఆయన చేతుల బొబ్బలు చూసింది. లోపలికి పోయి వెన్న తెచ్చి రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ ఆగింది.

"నీ పని అందరూ మెచ్చుకుంటాంటే ఇన్నేండ్లూ మురిసిపోతిని. ఒక్కటంటే ఒక్క పనన్నా చెడగొట్టలేకపోతివి గదయ్యా" అంది.

కొడుకును మట్టిలో పెట్టిన రోజు రాని ఏడుపు మదార్ సాయిబుకు అప్పుడొచ్చింది. కాలిన చేతులతో మొహం కప్పుకోవడానికి కూడా వీల్లేక, అట్లాగే ఆమె ముందర వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కింటివాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఎవరూ లోపలికి రాలేదు.